ఎడ్లబండి ఇరుసు మార్పిడి

ఎడ్లబండి ఇరుసు మార్పిడి అంటే బండికి ఉన్న పాత కొయ్య ఇరుసును గాని, ఇనుప ఇరుసును గాని తీసివేసి, దాని స్థానంలో బేరింగులు, గాలిటైర్లు ఉన్న ఇరుసును అమర్చడం. కొత్త ఇరుసు బండ్ల కోసమే తయారైనది కావచ్చు, లేదా మూలపడిన జీపు, కారు, లారీ వంటి మోటారు వాహనం నుండి తీసినది కావచ్చు. ఇలా మార్చిన బండిని టైరుబండి అని, కొన్ని ప్రాంతాలలో డన్‌లప్ బండి అని అంటారు. తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ వంటి అటవీ మండలాల నుండి కోస్తా డెల్టా గ్రామాల వరకు కొయ్యచక్రాల బండి, టైరుబండి రెండూ వాడుకలో ఉంటూ వచ్చాయి.

ఇరుసు మారితే బండి ఎత్తు, బరువు సమతూకం, బండిని నిలిపే పద్ధతి కూడా మారిపోతాయి. ఈ మూడింటినీ సరిచూసుకోకపోతే ఎద్దుల శ్రమ తగ్గడానికి బదులు పెరిగే అవకాశం ఉంది.

బండి భాగాలు

రెండు చక్రాల నడుమ అడ్డంగా ఉండి, బండి బరువునంతటినీ మోసే దూలమే ఇరుసు. దాని రెండు చివరలను గుండ్రంగా, కొద్దిగా సన్నగా చెక్కుతారు. చక్రం నడిమి భాగాన్ని కుండ అంటారు. ఇరుసు చివర ఈ కుండలో దూరి ఉంటుంది. చక్రం ఊడిపోకుండా ఇరుసు కొసన గుచ్చే మేకును శీల లేదా కడశీల అంటారు. కుండ నుండి చక్రపు అంచు వరకు ఉండే కర్రలను ఆకులు అంటారు. అంచు చుట్టూ ఇనుప పట్టా ఉంటుంది. ఇరుసు మీద బండి చట్రం, దాని నుండి ముందుకు సాగే నొగలు, నొగల కొసన కాడి ఉంటాయి. కాడి ఎద్దుల మెడ మీద ఆనుతుంది.

ఎడ్లబండిలో ఇరుసు తిరగదు, చక్రాలు మాత్రమే దాని మీద తిరుగుతాయి. మోటారు వాహనపు వెనుక ఇరుసు ఇందుకు భిన్నమైనది. దాని గొట్టంలో ఉండే కడ్డీలు ఇంజను శక్తితో తిరుగుతూ చక్రాలను తిప్పుతాయి. ఒకదాని స్థానంలో మరొకటి అమర్చేటప్పుడు ఎదురయ్యే చిక్కులలో చాలా భాగం ఈ తేడా వల్ల వచ్చేవే.

పాత ఇరుసులు

కొయ్య ఇరుసు

పూర్వం ఇరుసును గట్టి అడవి కలపతో చేసేవారు. దక్షిణ భారతదేశపు ఆకురాల్చే అడవులలో పెరిగే చిరుమాను చెట్టు కలప ఇందుకు పేరుపొందింది. ఆంగ్లంలో ఆ చెట్టుకు యాక్సిల్‌వుడ్, అంటే ఇరుసుకొయ్య అన్న పేరు రావడానికి ఈ వాడుకే కారణం. వడ్రంగి ఇరుసును, చక్రాలను చేసేవాడు. కమ్మరి ఇనుప పట్టాను చక్రపు చుట్టుకొలత కంటే కొద్దిగా తక్కువ కొలతకు అతికి, మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించిన పట్టాను చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు పోసేవాడు. చల్లారిన పట్టా కుంచించుకుపోయి ఆకులను, అంచు చెక్కలను, కుండను ఒక్కటిగా బిగించేది.

కొయ్య ఇరుసుకు రాపిడి శత్రువు. కుండలో ఇరుసు అరిగేకొద్దీ చక్రం ఊగులాడుతుంది. ఇరుసు విరిగితే బండి అక్కడే నిలిచిపోతుంది.

ఇనుప ఇరుసు

తరువాతి కాలంలో ఇనుప ఇరుసులు వచ్చాయి. కుండలో ఇనుప గొట్టాన్ని బిగించి, అందులో ఇరుసు కొసను దూర్చేవారు. గుండ్రని కడ్డీ వంపును తట్టుకునే బలం దాని వ్యాసపు ఘనాన్ని బట్టి ఉంటుంది. 40 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 50 మిల్లీమీటర్ల కడ్డీ వాడితే వ్యాసం నాలుగో వంతు మాత్రమే పెరుగుతుంది కాని, బలం దాదాపు రెట్టింపవుతుంది. అందువల్ల ఇరుసు కొద్దిగా అరిగినా, దానిమీద గాటు పడినా బలం చాలా తగ్గుతుంది.

కందెన

కొయ్య ఇరుసుకు, ఇనుప ఇరుసుకు కూడా కందెన అవసరం. గడ్డి కాల్చిన మసిని ఆముదంతో కలిపి కందెన చేసేవారు. దానిని ఒక గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవారు. దూర ప్రయాణాలలో మధ్యమధ్య ఆగి, శీల తీసి, చక్రాన్ని కొంత బయటికి లాగి కందెన రాయడం బండివాని నిత్యకృత్యం. బేరింగులు వచ్చాక కందెన స్థానంలో గ్రీజు వచ్చింది. గ్రీజును నెలల తరబడి మార్చకున్నా బండి నడుస్తుంది. అందుకే చాలామంది దానిని అసలే మార్చరు. టైరుబండ్ల బేరింగులు త్వరగా పాడవడానికి ఇదొక ముఖ్య కారణం.

గాలిటైర్ల రాక

జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో గాలిటైరుకు పేటెంటు పొందాడు. ఆయన పేరుతో వెలసిన కంపెనీ భారతదేశంలో 1936లో పశ్చిమ బెంగాల్‌లోని సాహాగంజ్ వద్ద టైర్ల కర్మాగారాన్ని నెలకొల్పింది. ఎడ్లబండ్లకు గాలిటైర్ల వాడకం ఆ కాలంలోనే మొదలైంది. టైరుబండికి కంపెనీ పేరే వాడుక పేరుగా స్థిరపడింది. తరువాత ఇతర భారతీయ కంపెనీలు కూడా పశువులు లాగే బండ్ల కోసం ప్రత్యేకమైన టైర్లను తయారుచేశాయి. వీటిలో 19 అంగుళాల రిమ్ముకు సరిపడేవి ఎక్కువగా కనిపిస్తాయి.

గాలిటైర్లను ప్రోత్సహించడానికి రోడ్లు కూడా ఒక కారణం. సన్నని ఇనుప పట్టా బరువునంతటినీ కొద్దిపాటి చోటు మీద మోపి కంకర రోడ్డును, తారు రోడ్డును కోసివేస్తుంది. గాలిటైరు అదే బరువును ఎక్కువ విస్తీర్ణం మీద పరుస్తుంది.

స్వాతంత్ర్యం తరువాత ఎడ్లబండి మెరుగుదలపై దేశవ్యాప్తంగా చర్చ తెచ్చినవారిలో ఎన్.ఎస్.రామస్వామి ముఖ్యుడు. బెంగుళూరులోని భారతీయ నిర్వహణ సంస్థకు తొలి డైరెక్టరైన ఆయన, దేశపు సరకు రవాణాలో ఎడ్లబండి పాత్రను ప్రణాళికలు పట్టించుకోవడం లేదని 1970ల దశకం నుండి వాదించాడు. ఇరుసు, చక్రాలతో పాటు కాడిని, బ్రేకును కూడా మెరుగుపరచాలన్నది ఆయన వాదం.

కొత్తగూడ ప్రాంతం

కొత్తగూడ ఒకప్పటి వరంగల్ జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మహబూబాబాద్ జిల్లాలో చేరింది. అదే సమయంలో ఈ మండలంలోని కొన్ని గ్రామాలతో గంగారం మండలం ఏర్పడింది. ఇది ఏజెన్సీ ప్రాంతం. కోయలు ఇక్కడి ముఖ్య గిరిజన తెగ. కాకతీయుల కాలపు పాకాల చెరువును చుట్టుకొని ఉన్న అడవులు ఈ ప్రాంతానికి పడమటి దిక్కున ఉన్నాయి.

అడవి దారులు, వాగుల ఇసుక, వరిపొలాల బురద ఉన్న ఇటువంటి ప్రాంతాలలో ఏ చక్రమైనా అన్ని చోట్లా మేలైనదిగా ఉండదు. కొయ్యచక్రం ఎత్తుగా ఉండడం వల్ల రాళ్ళను, గుంతలను సులభంగా దాటుతుంది. ముళ్ళు దానినేమీ చేయవు. కాని ఇసుకలోను, బురదలోను దాని సన్నని అంచు దిగబడుతుంది. గాలిటైరు ఇసుక మీద తేలినట్లు పోతుంది కాని, తుమ్మముల్లు, రేగుముల్లు దిగితే పంక్చరవుతుంది. పంక్చరు వేసే దుకాణం ఊరికి దూరమైతే ఒక్క ముల్లు ఒక రోజు పనిని చెడగొడుతుంది.

రెండేళ్ళకొకసారి మాఘమాసంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు ఎడ్లబండ్లలో ప్రయాణించడం ఈ ప్రాంతపు పాత ఆనవాయితీ. సమ్మక్క భర్తగా కొలిచే పగిడిద్దరాజు కొలువైన పూనుగొండ్ల గ్రామం పూర్వం కొత్తగూడ మండలంలోనే ఉండేది, ఇప్పుడు గంగారం మండలంలో ఉంది. బస్సులు, జీపులు, ఆటోలు పెరిగాక జాతర బండ్లు తగ్గాయి కాని, పూర్తిగా పోలేదు.

మార్పిడికి వాడే ఇరుసులు

బండ్ల కోసం చేసిన ఇరుసు

ఇది చదరపు లేదా గుండ్రని ఉక్కు కడ్డీ. రెండు కొసల మీద బేరింగులు, వాటి మీద హబ్బులు ఉంటాయి. లోపల పళ్ళచక్రాలేవీ ఉండవు. బరువు తక్కువ, మరమ్మతు తేలిక. ఖరీదు భరించగలిగితే ఇదే మేలైనది.

మోటారు వాహనపు ముందు ఇరుసు

లారీల ముందు ఇరుసు తిరగని దూలమే కనుక బండికి పనికివస్తుంది. కాని చక్రాలు పక్కకు తిరగడానికి ఉండే కీళ్ళను కదలకుండా వెల్డింగుతో బిగించాలి. ఆ అతుకు సరిగా లేకపోతే బరువు మీద చక్రం పక్కకు ఒరిగిపోతుంది.

మోటారు వాహనపు వెనుక ఇరుసు

తుక్కు దుకాణంలో దొరికే వెనుక ఇరుసు చూడడానికి దృఢంగా ఉంటుంది. దాని నడుమ ఉబ్బెత్తుగా ఉండే భాగంలో డిఫరెన్షియల్ ఉంటుంది. మోటారు వాహనం మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పోవాలి. ఇంజను శక్తి అందుతూనే రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరిగే వీలును డిఫరెన్షియల్ కల్పిస్తుంది. ఎడ్లబండిలో చక్రాలను తిప్పే ఇంజను లేదు, రెండు చక్రాలూ ఎలాగూ విడివిడిగానే తిరుగుతాయి. అందువల్ల డిఫరెన్షియల్ ఇక్కడ వృథా బరువు. పైగా చక్రాలు తిరిగినప్పుడల్లా లోపలి పళ్ళచక్రాలు నూనెను చిలుకుతూ తిరుగుతాయి. ఆ శ్రమంతా ఎద్దులదే.

పళ్ళచక్రాలను తీసివేయవచ్చునా అనేది ఇరుసు రకాన్ని బట్టి ఉంటుంది. లారీలలో చక్రపు హబ్బు ఇరుసు గొట్టం మీదనే బేరింగులతో కూర్చొని ఉంటుంది. లోపలి కడ్డీ చక్రాన్ని తిప్పడానికే గాని బరువు మోయడానికి కాదు. కడ్డీని, పళ్ళచక్రాలను తీసివేసినా చక్రం నిలుస్తుంది. చాలా కార్లలో మాత్రం చక్రం ఆ కడ్డీ కొసకే బిగించి ఉంటుంది, బరువును కూడా కడ్డీయే మోస్తుంది. కొన్ని రకాలలో కడ్డీని పట్టి ఉంచే క్లిప్పు డిఫరెన్షియల్ లోపలే ఉంటుంది. అటువంటి ఇరుసులో పళ్ళచక్రాలను తీసివేస్తే నడుస్తున్న బండి నుండి చక్రం కడ్డీతో సహా ఊడివస్తుంది.

వెనుక ఇరుసులో ఉన్న ఒక మేలు బ్రేకు డ్రమ్ములు. చాలా కార్ల చేతిబ్రేకు తీగ ద్వారా వెనుక డ్రమ్ములనే పట్టి ఆపుతుంది. ఆ తీగకు ఒక మీటను అమర్చితే బండివానికి బ్రేకు దొరుకుతుంది.

అమర్చే విధానం

- ఎంపిక: ఇరుసు వంగలేదని, పగుళ్ళు లేవని చూడాలి. చక్రాన్ని పైకెత్తి తిప్పితే గరగర శబ్దం రాకూడదు, ఊగులాట ఉండకూడదు.
- వెడల్పు: రెండు చక్రాల మధ్య దూరం పాత బండికి దగ్గరగా ఉండాలి. గ్రామాల మట్టిదారులలో బండ్లు నడిచి నడిచి గాడులు పడి ఉంటాయి. వెడల్పు తేడా అయితే ఒక చక్రం గాడిలో, మరొకటి గట్టు మీద నడిచి బండి ఒరుగుతుంది.
- ఎత్తు: కొయ్యచక్రం నాలుగైదు అడుగుల ఎత్తు ఉంటుంది. టైరు చక్రం మూడు అడుగులకు కొంచెం అటూఇటూగా ఉంటుంది. ఇరుసు కిందికి దిగిన మేరకు చట్రానికి, ఇరుసుకు మధ్య దిమ్మెలు వేయాలి, లేదా నొగల వంపును మార్చాలి. కాడి ఎద్దుల మెడ ఎత్తులో ఉన్నప్పుడు చట్రం ఇంచుమించు సమంగా ఉండాలి.
- స్థానం: చట్రం కింద ఇరుసు ఎక్కడ ఉండాలో ఖాళీబండితో, బరువుబండితో రెండుసార్లు చూసి నిర్ణయించాలి.
- బిగింపు: ఇరుసును యూ బోల్టులతో బిగించాలి. గొట్టపు ఇరుసును నేరుగా చట్రానికి వెల్డింగు చేస్తే వేడికి గొట్టం వంగి, బేరింగులు వరుస తప్పుతాయి.
- అమరిక: నొగలకు ఇరుసు లంబంగా ఉండాలి. నొగల కొస నుండి రెండు చక్రాలకూ తాడుతో కొలిస్తే ఒకే పొడవు రావాలి. లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది, ఆ పక్క ఎద్దు మెడ పుండుపడుతుంది.

ఎద్దులపై ప్రభావం

సమతూకం

రెండు చక్రాల బండి ఒక త్రాసు వంటిది. ఇరుసు దాని ముల్లు. బరువు ఇరుసుకు ముందు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడను అణచివేస్తుంది, వెనుక ఎక్కువైతే కాడి పైకి లేచి మెడపట్టెడ గొంతును బిగిస్తుంది. ఉదాహరణకు 800 కిలోల బరువు యొక్క కేంద్రం ఇరుసుకు 10 సెంటీమీటర్లు ముందు ఉండి, కాడి ఇరుసుకు 3 మీటర్ల దూరంలో ఉంటే, మెడల మీద సుమారు 27 కిలోల భారం పడుతుంది. ఇరుసును అమర్చడంలో జానెడు పొరపాటు జరిగితే ఇది 60 కిలోలకు చేరుతుంది. ఇది బండి నడిచినంతసేపూ ఉండే భారం.

పల్లం దారి

సమతలం మీద టైరుబండి తేలికగా కదులుతుంది. పల్లంలో ఆ తేలికే ప్రమాదం. 20 మీటర్లకు ఒక మీటరు చొప్పున దిగే దారిలో 1000 కిలోల బండి సుమారు 50 కిలోల బలంతో ముందుకు తోసుకువస్తుంది. కొయ్యచక్రాల బండిలో ఇరుసు రాపిడి, నేల రాపిడి కలిసి ఇందులో చాలా భాగాన్ని మింగివేస్తాయి. బేరింగులున్న బండిలో ఆ తోపునంతటినీ ఎద్దులు మెడతో ఆపుకోవాలి. పాత బండ్లకు పల్లంలో చక్రానికి కర్రను ఒత్తి పట్టే ఏర్పాటు సరిపోయేది. టైరుబండికి నికరమైన బ్రేకు కావాలి. బ్రేకు లేకుండా ఇరుసును మాత్రమే మార్చడం ఈ మార్పిడిలో అన్నింటికంటే పెద్ద లోపం.

బరువు పరిమితులు

1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 1965లో భారవాహక పశువులకు సంబంధించిన నియమాలు వచ్చాయి. అవి ఇరుసును, టైర్లను బట్టి బరువు పరిమితిని నిర్ణయించాయి. రెండు చక్రాల బండికి, చిన్న ఎద్దు విషయంలో పట్టిక ఇలా ఉంది:

- గాలిటైర్లు లేని బండి: 500 కిలోలు
- గాలిటైర్లు గల బండి: 750 కిలోలు
- బాల్ బేరింగులు గల బండి: 1000 కిలోలు

ఎద్దు పరిమాణం పెరిగితే ఈ పరిమితులు పెరుగుతాయి. నిటారుగా ఎక్కే దీర్ఘమైన దారిలో సగానికి తగ్గుతాయి. పశువులతో రోజుకు 9 గంటలకు మించి గాని, విశ్రాంతి లేకుండా ఏకబిగిన 5 గంటలకు మించి గాని పని చేయించరాదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే ప్రాంతాలలో మధ్యాహ్నం 12 నుండి 3 గంటల వరకు బండి కట్టరాదు.

ఈ పట్టికను బట్టి ఒక విషయం తెలుస్తుంది. ఇరుసు మెరుగుపడినప్పుడు మిగిలే శ్రమను ఎద్దుకు విశ్రాంతిగా ఇవ్వవచ్చు, లేదా బండి మీద అదనపు బరువుగా వేయవచ్చు. నియమాలు రెండో దానికి కూడా ఒక మేర వరకు వీలు కల్పించాయి. అనుమతించిన అదనపు బరువు సాఫీ దారిలో ఎద్దుకు భారం కాకపోవచ్చు కాని, బండిని కదిలించేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు, పల్లం దిగేటప్పుడు ఎద్దుమీద పడేది ఆ పూర్తి బరువే.

మోటారు కార్లలో ఇరుసు మార్పిడి

మోటారు కార్లలోను వెనుక ఇరుసును మార్చే అలవాటు ఉంది. అమెరికాలో 1960ల దశకంలో మధ్యతరహా కార్లలో పెద్ద ఇంజన్లను అమర్చి అమ్మారు. వీటిని మజిల్ కార్లు అంటారు. 1964 నాటి పాంటియాక్ జీటీఓ తొలివాటిలో ఒకటిగా పేరుపొందింది. ఈ కార్ల అభిమానులు ఇంజను బలాన్ని ఇంకా పెంచినప్పుడు అసలు ఇరుసు విరగకుండా మరింత దృఢమైన దానిని అమర్చుతారు. ఫోర్డ్ కంపెనీ 1957 మోడళ్ళ నుండి 1986 వరకు వాడిన తొమ్మిది అంగుళాల ఇరుసు ఇందుకు ప్రసిద్ధం. అందులోని పెద్ద పళ్ళచక్రపు వ్యాసాన్ని బట్టి దానికి ఆ పేరు వచ్చింది.

కారులో పళ్ళ నిష్పత్తి కూడా ముఖ్యం. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లయితే గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం నిమిషానికి సుమారు 794 సార్లు తిరుగుతుంది. టాప్ గేరులో ఇంజను వేగం యథాతథంగా ఇరుసుకు అందే కారులో 3.00 నిష్పత్తి ఉంటే ఇంజను సుమారు 2,380 సార్లు, 4.11 ఉంటే సుమారు 3,260 సార్లు తిరగాలి. రెండో దానితో కారు చురుకుగా వేగం పుంజుకుంటుంది కాని, ఇంధన ఖర్చు, ఇంజను అరుగుదల పెరుగుతాయి. కమాన్ పట్టీల మధ్య దూరం, ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు, దాని కీళ్ళ కోణం, బ్రేకులు కొత్త ఇరుసుకు సరిపడాలి. ఇరుసు గట్టిపడితే తరువాతి బలహీనమైన భాగం విరుగుతుంది. కారులో అది ప్రొపెల్లర్ షాఫ్టు కావచ్చు. ఎడ్లబండిలో ఆ తరువాతి భాగం ఎద్దు మెడ.

భారతదేశంలో మోటారు వాహనపు మార్పులను 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నియంత్రిస్తుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. పశువులు లాగే బండి మోటారు వాహనం కాదు కనుక దానికి ఈ సెక్షన్ వర్తించదు. అంటే టైరుబండి ఇరుసు అమరికను తనిఖీ చేసే బాధ్యత బండి యజమానిదే.

చేతివృత్తులపై ప్రభావం

కొయ్యబండి ఉన్నన్నాళ్ళు వడ్రంగికి, కమ్మరికి ఏడాది పొడుగునా పని ఉండేది. ప్రతిఫలం చాలావరకు పంట కళ్ళంలో ధాన్యంగా అందేది. టైరుబండి రాకతో ఆ పని వెల్డింగు దుకాణానికి, పంక్చరు దుకాణానికి మారింది, చెల్లింపు నగదుగా మారింది. రక్షిత అడవులలో కలప కొట్టడంపై ఆంక్షలుండడం కూడా కొయ్య ఇరుసులు తగ్గడానికి తోడ్పడింది. ఎర్రగా కాల్చిన పట్టాను చక్రానికి తొడిగే నేర్పు గల కమ్మరులు అరుదైపోయారు. ట్రాక్టర్లు, వాటి ట్రాలీలు వచ్చాక టైరుబండ్లు కూడా తగ్గుముఖం పట్టాయి. అయినా చిన్న కమతాలలో, ఇంట ఎద్దులున్న రైతులకు ఎరువు, గడ్డి, వంటచెరకు, ధాన్యం చేరవేయడానికి బండి అవసరం తీరలేదు.

ఇవి కూడా చూడండి

- ఎడ్లబండి
- కచ్చురం
- కందెన
- డిఫరెన్షియల్
- కొత్తగూడ
- సమ్మక్క సారలమ్మ జాతర